డాక్టరే ఎక్కించిన టీబీ: నాయెన్‌గామె క్యాంపులో 20 మంది పిల్లల కేసు

నేను ఛెస్ట్ ఫిజీషియన్‌ని. పీజీలకు రీసెర్చ్ ఎథిక్స్ కూడా చెబుతుంటాను. నాజీ డాక్టర్ల సంగతి వచ్చినప్పుడు చాలామంది యుద్ధం తర్వాత ఆ డాక్టర్ల మీద జరిగిన నూరెంబర్గ్ విచారణతో మొదలుపెట్టి, మనుషుల మీద ప్రయోగాలకు అక్కడ చెప్పిన పది సూత్రాలు బోర్డు మీద రాసి ముగిస్తారు. పరీక్షకు అది సరిపోతుంది. కానీ ఒక్కో ప్రయోగం జరగడానికి ఎంతమంది డాక్టర్లు చెయ్యి వేయాల్సి వచ్చిందో అలా చెబితే తెలియదు. అందుకే నేను ఒకే ఒక్క కేసు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చెబుతాను.

మా స్పెషాలిటీ కేసే. జబ్బు టీబీ. చోటు జర్మనీలో హాంబర్గ్ పక్కన ఉన్న నాయెన్‌గామె నిర్బంధ శిబిరం. కాలం 1944 నవంబరు నుంచి 1945 ఏప్రిల్ దాకా. బాధితులు 20 మంది యూదు పిల్లలు. పది మంది ఆడపిల్లలు, పది మంది మగపిల్లలు. చిన్నవాళ్లకు ఐదేళ్లు, పెద్దవాళ్లకు పన్నెండు.

డాక్టరు

కుర్ట్ హైస్‌మాయర్ 1905లో పుట్టాడు. బెర్లిన్‌కు ఉత్తరాన హోహెన్‌లీషెన్ అనే చోట ఉన్న పెద్ద ఆస్పత్రిలో ఊపిరితిత్తుల డాక్టరు. ఆ ఆస్పత్రిని 1902లో రెడ్‌క్రాస్ వాళ్లు టీబీ ఉన్న పిల్లల కోసమే కట్టించారు. నాజీల కాలంలో అది ఎస్ఎస్ (నిర్బంధ శిబిరాలు నడిపిన నాజీ దళం) పెద్దల ఆస్పత్రిగా మారింది. దానికి అధిపతి కార్ల్ గెబ్‌హార్ట్, ఎస్ఎస్ అధినేత హిమ్లర్‌కు బాగా కావాల్సినవాడు.

హైస్‌మాయర్‌కు ప్రొఫెసర్ కావాలని ఉండేది. జర్మనీలో అందుకు సొంతంగా చేసిన పరిశోధన చూపించాలి. అతని దగ్గర అలాంటిదేమీ లేదు. ఇమ్యునాలజీలో గానీ బ్యాక్టీరియాలజీలో గానీ అతనికి చెప్పుకోదగ్గ అనుభవం లేదు. ఉన్నదల్లా పలుకుబడి: ఎస్ఎస్‌లో పెద్ద జనరల్‌గా ఉన్న బంధువు ఆగస్ట్ హైస్‌మాయర్, నిర్బంధ శిబిరాల ఆర్థిక వ్యవహారాలన్నీ చూసే ఓస్వాల్డ్ పోల్‌తో పరిచయం.

అతను పట్టుకున్న ఆలోచన ఇది. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్న మనిషికి చర్మం మీద మరోచోట కావాలని టీబీ పుండు పుట్టిస్తే, దాన్ని ఎదుర్కోవడానికి శరీరం కూడగట్టుకునే శక్తి ఊపిరితిత్తుల జబ్బును కూడా తగ్గిస్తుందట. ఆస్ట్రియాకు చెందిన కుట్‌షెరా అనే డాక్టర్ల నుంచి తీసుకున్న వాదం ఇది. వైద్యలోకం దాన్ని అప్పటికే పక్కన పెట్టేసింది. దీనికి అతను తన కాలపు జాతి సిద్ధాంతాన్ని కూడా తగిలించాడు: తక్కువ జాతుల శరీరాలకు టీబీని తట్టుకునే శక్తి తక్కువ, కాబట్టి జబ్బు వాళ్లలో వేరేగా ముదురుతుందని. టీబీకి కారణం ఒక బ్యాక్టీరియా అని రాబర్ట్ కోచ్ 1882లోనే, అదే బెర్లిన్‌లో, చూపించాడు. అరవై ఏళ్ల తర్వాత ఒక టీబీ డాక్టరు ఇలా మాట్లాడగలిగాడంటే చదువు తక్కువై కాదు. ఆ మాట ఆ రోజుల్లో పై వాళ్లకు నచ్చే మాట.

ఇక్కడే పీజీలు అడుగుతారు: అప్పటికి రూల్సు లేవు కదా సార్, ఆ పది సూత్రాల నూరెంబర్గ్ కోడ్ 1947లో కదా వచ్చింది అని. రూల్సు ఉన్నాయి. 1930లో జర్మనీలోని ల్యూబెక్ పట్టణంలో పసిపిల్లలకు ఇచ్చిన బీసీజీ వ్యాక్సిన్‌లో అసలు టీబీ క్రిములు కలిసిపోయి 70 మందికి పైగా పిల్లలు చనిపోయారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. మనుషుల మీద ప్రయోగాల గురించి అప్పటికే నడుస్తున్న చర్చ దాంతో ముదిరింది. 1931 ఫిబ్రవరిలో జర్మన్ ప్రభుత్వమే మార్గదర్శకాలు జారీ చేసింది. ముందు జంతువుల మీద పరీక్షించాలి, మనిషికి వివరంగా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, నిస్సహాయతను వాడుకోకూడదు, 18 ఏళ్ల లోపు పిల్లలకు ఏ కాస్త అపాయం ఉన్నా ప్రయోగం చేయకూడదు. అదే దేశం, అదే జబ్బు, మళ్లీ పిల్లలే. మార్గదర్శకాలు వచ్చి పదమూడేళ్లు గడిచాయి. అవి వచ్చేనాటికి హైస్‌మాయర్‌కు పాతికేళ్లు. టీబీ మీద పనిచేసే జర్మన్ డాక్టరుకు ల్యూబెక్ సంగతి తెలియదంటే నేను నమ్మను.

అనుమతులు

1944 వసంతంలో హైస్‌మాయర్ పద్ధతి ప్రకారమే వెళ్లాడు. తన ఆస్పత్రి అధిపతి గెబ్‌హార్ట్‌ను, దేశ ఆరోగ్య వ్యవస్థకు అధిపతి అయిన డాక్టర్ లియొనార్డో కాంటిని ఒప్పించాడు. పోల్ ద్వారా క్యాంపు దొరికింది. నాయెన్‌గామెలో 4ఎ బ్యారక్‌ను ముళ్లకంచెతో వేరు చేసి అతనికి అప్పగించారు. బెర్లిన్‌లోని ఒక బ్యాక్టీరియాలజిస్ట్ దగ్గర్నుంచి సజీవమైన, ప్రమాదకరమైన టీబీ క్రిముల కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన క్రిములు) తెచ్చుకున్నాడు. ఆయన ఇది అపాయమని హెచ్చరించాడు కూడా. హెచ్చరించి, ఇచ్చాడు.

ముందు పెద్దవాళ్ల మీద మొదలుపెట్టారు. సుమారు 100 మంది ఖైదీలు, ఎక్కువగా సోవియట్, పోలండ్ వాళ్లు. చర్మం మీద గాట్లు పెట్టి క్రిములు రుద్దారు. కొందరికి రబ్బరు గొట్టాన్ని శ్వాసనాళంలోంచి ఊపిరితిత్తుల దాకా దింపి, క్రిములు కలిపిన ద్రవం లోపల వదిలారు. వాళ్లలో కొందరిని ఉరితీయించి పోస్ట్‌మార్టం చేయించారు, లోపల ఏం జరిగిందో చూడటానికి. అతను అనుకున్నట్టు ఒక్కటీ జరగలేదు. జబ్బు తగ్గలేదు, ముదిరింది. ఏ డాక్టరైనా అక్కడ ఆగుతాడు. అతను పిల్లల్ని అడిగాడు.

అడగ్గానే పిల్లలు దొరికారు. ఈ కేసును యూదుల జాతి నిర్మూలనకు వెలుపల పెట్టి, ఒక చెడ్డ డాక్టరు చేసిన చెడ్డ పనిగా చూడటం అందుకే కుదరదు. మామూలు రోజుల్లో పిల్లల మీద ప్రయోగం చేయాలనుకున్న డాక్టరుకు తల్లి అడ్డం, తండ్రి అడ్డం, బడి అడ్డం, పోలీసు అడ్డం. యూదులను లక్షల్లో చంపిన ఆష్విట్జ్ శిబిరం ఆ అడ్డాలన్నిటినీ ముందే తీసేసింది. అక్కడి పిల్లల్ని ప్రభుత్వం అప్పటికే చచ్చినవాళ్ల కింద లెక్కేసింది. ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకు సరుకు పంపినట్టు పంపారు.

పిల్లలు

ఆష్విట్జ్ బిర్కెనౌలో పిల్లల బ్యారక్‌కు వెళ్లి, అమ్మను చూడాలనుకునేవాళ్లు ముందుకు రండి అని పిలిచారు. ఇటలీ నుంచి వచ్చిన సెర్జియో డి సిమోనె ముందుకు వచ్చాడు. అతని పిన్నమ్మ కూతుళ్లు తాతియానా, ఆండ్రా బుచ్చి అక్కడే ఉన్నారు. బ్యారక్ చూసుకునే ఆమె వాళ్లను ముందే హెచ్చరించింది, కదలొద్దని. వాళ్లు సెర్జియోకూ చెప్పారు. కానీ వాడికి అమ్మ కావాలి. ఆ అక్కచెల్లెళ్లు బతికి బయటపడ్డారు కాబట్టే ఈ సంగతి మనకు తెలిసింది.

ఆ 20 మందిలో ఎక్కువమంది పోలండ్ పిల్లలు. నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ నుంచి అన్నదమ్ములు ఇద్దరు, ఎడ్వర్డ్, అలెగ్జాండర్ హోర్నెమన్. ఫ్రాన్స్ నుంచి జాక్లీన్ మోర్గెన్‌స్టెర్న్, జార్జ్ ఆంద్రె కోన్. జార్జ్ తండ్రి పారిస్‌లో రోత్‌షీల్డ్ ఆస్పత్రి నడిపిన మనిషి. స్లొవేకియా నుంచి వాల్టర్ యుంగ్‌లీబ్. వాళ్లు నాయెన్‌గామె చేరింది 1944 నవంబరు 29న. సెర్జియోకు ఆ రోజే ఏడేళ్లు నిండాయి.

పిల్లల్ని చూసుకోవడానికి నలుగురు ఖైదీలను పెట్టారు. గాబ్రియెల్ ఫ్లోరెన్స్ లియాన్‌లో ప్రొఫెసర్. రెనె కెనూయ్ రేడియాలజిస్టు. ఇద్దరూ ఫ్రెంచ్ వాళ్లు. డిర్క్ డ్యూటెకామ్, ఆంటన్ హోల్జెల్ డచ్ వాళ్లు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న పిల్లల దగ్గర రాత్రీ పగలూ ఉన్నది ఈ నలుగురే. హైస్‌మాయర్ హోహెన్‌లీషెన్ నుంచి అప్పుడప్పుడు వచ్చి చూసుకుని వెళ్లేవాడు.

ఇక చేసిన పని. చర్మం మీద గాటు పెట్టి, పచ్చి గాయంలో క్రిములు రుద్దడం మొదటిది. గొట్టం వేసి ఊపిరితిత్తుల్లోకి క్రిములు వదలడం రెండోది. గొట్టం గురించి ఒక మాట చెప్పాలి. మేం బ్రాంకోస్కోపీ (గొట్టంతో ఊపిరితిత్తుల లోపల చూసే పరీక్ష) చేసేటప్పుడు గొంతుకు మందు కొట్టి, మత్తిచ్చి, పక్కన అనస్థటిస్టును పెట్టుకుని చేస్తాం. అయినా పెద్దవాళ్లే దగ్గుతో ఉక్కిరిబిక్కిరై చేతులు పట్టుకుంటారు. ఐదేళ్ల పిల్లకు ఆ గొట్టం అంటే ఏమిటో ఈ పని చేసే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

కొన్ని వారాలకు జ్వరం, దగ్గు, నీరసం. చంకలో బిళ్ళ కట్టింది. టీబీ క్రిమి చర్మంలోంచి దగ్గరున్న లింఫ్ గ్రంథికి పాకితే అలాగే అవుతుంది, మెడికల్ కాలేజీలో రెండో సంవత్సరం పాఠం అది. ఆ బిళ్ళల్ని 1945 తొలి నెలల్లో ఆపరేషన్ చేసి తీయించారు. చంక దగ్గర మాత్రమే మొద్దుబారే మత్తు ఇచ్చి, ఖైదీగా ఉన్న ఒక సర్జన్‌తో కోయించారు. తీసిన గ్రంథులను సీసాల్లో పెట్టి పిల్లల పేర్లతో హోహెన్‌లీషెన్‌కు పంపారు. అక్కడి పాథాలజీ విభాగంలో స్లైడ్లు చేసి చూశారు. తర్వాత ఒక్కొక్క పిల్లను నిలబెట్టి, చొక్కా విప్పించి, చెయ్యి తలపైకి ఎత్తించి, చంకలోని కోత కనపడేలా ఫొటో తీశారు.

ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. చదువు కోసం తీసే క్లినికల్ ఫొటోలు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి. గాయానికి వెలుతురు సరిగ్గా పడేలా జాగ్రత్త తీసుకున్నారు. ముఖం కప్పలేదు. గుండు కొట్టిన తలలు, కెమెరా వైపు చూస్తున్న కళ్లు. క్లాసులో ఆ ఫొటోలు నేను చూపించను. ఆ పిల్లలు అలా కనపడాలని ఎన్నడూ ఒప్పుకోలేదు.

వాటిని తీస్తున్న సమయానికి ఇంకో చోట ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. టీబీకి పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో అమెరికాలో కనుగొన్నారు. దాన్ని ఒక టీబీ రోగికి మొదటిసారి ఇచ్చింది 1944 నవంబరులో, ఈ పిల్లలు నాయెన్‌గామె చేరిన నెలలోనే. గినియా పిగ్‌ల మీద నెలల తరబడి పరీక్షించిన తర్వాతే మనిషికిచ్చారు. ఇవాళ మన ఊళ్లో టీబీ పేషెంటు మింగే మాత్రల కథ అక్కడి నుంచి వచ్చింది, హోహెన్‌లీషెన్ నుంచి ఒక్క ముక్క రాలేదు.

1945 ఏప్రిల్ 20

బ్రిటిష్ సైన్యం హాంబర్గ్ దగ్గరికి వచ్చేసింది. పిల్లలు దొరికితే సాక్ష్యం దొరికినట్టే. హైస్‌మాయర్ విభాగాన్ని ఎత్తేయమని బెర్లిన్ నుంచి ఆదేశం వచ్చింది. ఆ రాత్రి పిల్లల్ని, వాళ్లను చూసుకున్న నలుగురిని, కొందరు సోవియట్ ఖైదీలను లారీ ఎక్కించి హాంబర్గ్‌లోని బుల్లెన్‌హూజర్ డామ్ అనే వీధిలో ఉన్న బడికి తీసుకెళ్లారు. బాంబు దాడుల తర్వాత ఖాళీ అయిన ఆ బడిని అప్పటికి క్యాంపుగా వాడుతున్నారు.

ముందు పెద్దవాళ్లను బాయిలర్ గదిలో ఉరి తీశారు. ఇద్దరు ఫ్రెంచ్ డాక్టర్లు, ఇద్దరు డచ్ వాళ్లు అక్కడే పోయారు. పిల్లలతో మాత్రం క్యాంపు డాక్టరు ఆల్ఫ్రెడ్ ట్షెబిన్‌స్కి ఉన్నాడు. టైఫస్ టీకా వేస్తామని చెప్పి బట్టలు విప్పించాడు. ఒక్కొక్కరికి మార్ఫిన్ ఇంజెక్షన్ ఇచ్చాడు. మగతలోకి జారినవాళ్లను పక్క గదిలోకి మోసుకెళ్లి గోడకున్న కొక్కేలకు ఉరి వేశారు. మొదట తీసుకెళ్లింది బాగా నీరసించిపోయిన జార్జ్ ఆంద్రె కోన్‌ను. ఇంకో మూడు రోజులుంటే వాడికి పదమూడు నిండేవి. ఆ రాత్రి అదే భవనంలో కనీసం 24 మంది సోవియట్ ఖైదీలను కూడా చంపారు.

మార్ఫిన్ దగ్గర నేను క్లాసులో ఎక్కువసేపు ఆగుతాను. ట్షెబిన్‌స్కి 1946లో హాంబర్గ్‌లో బ్రిటిష్ సైనిక కోర్టు ముందు దీన్ని దయగా చెప్పుకున్నాడు. తను వీరుడిలా ఎదిరించినా పిల్లలు ఇంకాస్త ఆలస్యంగా చచ్చేవాళ్లే తప్ప బతికేవాళ్లు కాదన్నది అతని వాదన. బ్రిటిష్ కోర్టు ఒప్పుకోలేదు. 1946 అక్టోబరులో అతన్ని ఉరి తీశారు. కానీ ఆ సూది అక్కడితో ఆగలేదు. ఆ రాత్రి అక్కడున్న ఎస్ఎస్ అధికారి ఆర్నోల్డ్ స్ట్రిప్పెల్ మీద హాంబర్గ్ ప్రాసిక్యూటర్ నడిపిన దర్యాప్తు 1967లో ముగిసింది. పిల్లలు మొదటి ఇంజెక్షన్‌తోనే స్పృహ తప్పారు కాబట్టి తర్వాత జరిగింది వాళ్లకు తెలియదని, ప్రాణం పోవడం తప్ప వాళ్లకు అంతకు మించిన కీడేమీ జరగలేదని ప్రాసిక్యూటర్ రాశాడు. క్రూరంగా చంపారని రుజువు కాలేదని కేసు మూసేశాడు.

అంటే ఒక డాక్టరు ఇచ్చిన మత్తు, 22 ఏళ్ల తర్వాత హంతకుడికి చట్టంలో అక్కరకొచ్చింది. టీకా అని నమ్మించకపోతే, మగత కమ్మకపోతే 20 మంది పిల్లలు ఏడ్చేవాళ్లు, పెనుగులాడేవాళ్లు, ఆ గదిలో ఉన్నవాళ్లకు పని కష్టమయ్యేది. మార్ఫిన్ తేలిక చేసింది చంపేవాళ్ల పనిని. సూది పట్టుకున్న చెయ్యి డాక్టరుది కాబట్టే పిల్లలు భుజం చాచారు. దాన్ని దయ అనడానికి నాకు నోరు రాదు.

ఆ తర్వాత

ఇంతలో హైస్‌మాయర్ ఏం చేశాడు? తన రికార్డులు, పిల్లల ఫొటోలు పెట్టెలో పెట్టి హోహెన్‌లీషెన్ ఆవరణలో పాతిపెట్టాడు. యుద్ధం ముగిశాక తూర్పు జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మళ్లీ ప్రాక్టీసు మొదలుపెట్టాడు. టీబీ క్లినిక్కే. పద్దెనిమిదేళ్ల పాటు దగ్గుతో వచ్చినవాళ్ల గుండెల మీద స్టెత్ పెట్టాడు, మంచి డాక్టరని పేరు కూడా తెచ్చుకున్నాడు. నూరెంబర్గ్‌లో 1946 డిసెంబరులో మొదలైన డాక్టర్ల విచారణలో 23 మంది నిందితులుంటే అందులో ఇతని పేరు లేదు. అతని పై అధికారి గెబ్‌హార్ట్‌కు, వేరే ప్రయోగాల కేసులో, అక్కడ మరణశిక్ష పడింది. హైస్‌మాయర్‌ను 1963 డిసెంబరులో అరెస్టు చేశారు. మరుసటి ఏడాది ఆ పెట్టెను తవ్వి తీశారు. 1966 జూన్‌లో యావజ్జీవ శిక్ష పడింది, 1967 ఆగస్టులో జైల్లో చనిపోయాడు.

దాచుకున్నాడు చూడండి, కాల్చేయలేదు. ఎప్పటికైనా పనికొస్తాయనుకున్నాడని నా అభిప్రాయం. ప్రొఫెసర్ కావాలన్న ఆశ అప్పటికీ చావలేదు. గినియా పిగ్‌లనెందుకు వాడలేదని అడిగితే, తన దృష్టిలో యూదులకూ ప్రయోగశాల జంతువులకూ పెద్ద తేడా లేదన్న అర్థం వచ్చేలా చెప్పాడు.

చనిపోయిన పిల్లల కుటుంబాలకు చాలా ఏళ్లు ఏమీ తెలియదు. గుంథర్ ష్వార్‌బర్గ్ అనే జర్మన్ జర్నలిస్టు 1970ల చివర్లో ఈ పేర్లు పట్టుకుని దేశదేశాలు తిరిగి బంధువుల్ని వెతికాడు. ఆష్విట్జ్ నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన సెర్జియో తల్లి మాత్రం కొడుకు చనిపోయాడంటే ఒప్పుకోలేదు, ఎక్కడో ఉన్నాడనే అనుకుంది. 1980 నుంచి ఆ బడిలో స్మారకం ఉంది. హాంబర్గ్‌లో కొన్ని వీధులకు ఈ పిల్లల పేర్లు పెట్టారు.

కేసును చదివే తీరు

చర్చ మొదలుపెట్టగానే దాదాపు ప్రతి బ్యాచ్‌లో ఒకరు అనే మాట: అసలిది సైన్సే కాదు సార్, పోల్చి చూడటానికి కంట్రోల్ గ్రూపు లేదు, హైపోథెసిస్ (పరీక్షించాలనుకున్న ఊహ) అప్పటికే కొట్టేశారు, ఈ డేటా దేనికీ పనికిరాదు. నిజమే, ప్రతి అక్షరం నిజం. కానీ అక్కడ ఆగితే పెద్ద ప్రమాదం ఉంది. హైపోథెసిస్ మంచిదై, డిజైన్ పకడ్బందీగా ఉండి, ఫలితం టీబీకి మందు చూపించి ఉంటే? అప్పుడు ఒప్పుకుంటామా? ఈ పిల్లల మీద జరిగిన నేరానికి పరిశోధన నాణ్యతతో సంబంధం లేదు. పనికిరాని సైన్స్ అని తిట్టడం మనలాంటి వాళ్లకు సుఖంగా ఉంటుంది, ఎందుకంటే అప్పుడు హైస్‌మాయర్ మన వృత్తికి చెందనివాడైపోతాడు. అతను మన వృత్తివాడే. డిగ్రీ ఉంది, లైసెన్సు ఉంది, పై వాళ్ల సంతకాలున్నాయి.

కాబట్టి నేను చేయించే పని వేరు. ఈ కేసులో చెయ్యి పడిన డాక్టర్లను ఒక్కొక్కరిని వరసగా రాయమంటాను. అనుమతి ఇచ్చిన గెబ్‌హార్ట్, కాంటి. కల్చర్ ఇచ్చిన బ్యాక్టీరియాలజిస్టు. స్లైడ్లు చూసిన పాథాలజిస్టు. గ్రంథులు కోసిన ఖైదీ సర్జన్. పిల్లల్ని చూసుకున్న ఫ్లోరెన్స్, కెనూయ్. సూది ఇచ్చిన ట్షెబిన్‌స్కి. ఒక్కొక్కరి ఎదురుగా రెండే ప్రశ్నలు: ఈ మనిషికి ఏం తెలుసు? కాదంటే ఏమయ్యేది?

పాథాలజిస్టు దగ్గర వాదన ఎప్పుడూ వేడెక్కుతుంది. ఆయన క్యాంపులో అడుగు పెట్టలేదు, పిల్లల్ని చూడలేదు అంటారు కొందరు. బల్ల మీదకు సీసా వచ్చింది, రిపోర్టు రాశాడు, మనమంతా రోజూ చేసే పనే కదా అని. నేను ఒప్పుకోను. 20 మంది పిల్లల చంక గ్రంథులు, అందరివీ ఒకేచోట నుంచి, అన్నిట్లో తాజా టీబీ. ఏ పాథాలజిస్టుకైనా మొదటి సీసాకు కాకపోయినా ఐదో సీసాకు అనుమానం రావాలి. ఫోన్ తీసి ఎవరీ పిల్లలు అని అడగాలి. అడిగితే ఆయన్ను ఉరి తీసేవాళ్లా? ఇలాంటి పని మాకొద్దని తప్పుకున్న జర్మన్ డాక్టర్లకు సాధారణంగా పోయింది ప్రమోషనే తప్ప ప్రాణం కాదు.

ఖైదీ సర్జన్ విషయంలో మాత్రం నేను కఠినంగా మాట్లాడలేను. కోయనంటే ఆయన చావాల్సిందే, ఆ కోత ఇంకొకరు కోసేవాళ్లు. కొందరు పీజీలు ఆయన్నీ హైస్‌మాయర్‌నూ ఒకే గడిలో పెడతారు. నేను వేరే గడి గీయమంటాను. బెర్లిన్‌లో కల్చర్ ఇచ్చినాయన, హోహెన్‌లీషెన్‌లో స్లైడు చూసినాయన సాయంత్రం ఇంటికెళ్లి భోజనం చేసి పడుకున్నారు. ఈయన పడుకున్నది ముళ్లకంచె లోపల. ఫ్లోరెన్స్, కెనూయ్ కూడా అక్కడే, అదే కంచె లోపల, పిల్లల పక్కన ఉండి, చేతనైనంత చూసుకున్నారు. అందుకే వాళ్లను కూడా చంపారు. ఆ ఇద్దరు డాక్టర్లను సాక్షులుగా బతకనివ్వకూడదనుకున్నారు.